డిక్కీలో రాళ్ళు

మా నాయన కారు వెనకవైపు ఎత్తడానికి చౌడప్ప జాకీ పెట్టి, పది పదిహేను తిప్పులు తిప్పి, ఆగి నావైపు చూశాడు. "ఏమక్కా, డిక్కీలో ఏమన్నా పెట్టినారా? ఇంత బరువుండాదేంది?" అన్నాడు. ఏమీ పెట్టలేదన్నాను. చౌడప్ప ధర్మవరంలో పాత కార్లు బాగుచేసే మెకానిక్కు. అరిగిపోయిన షాకబ్జర్లు విప్పాలంటే ముందు బరువు దించాలన్నాడు. డిక్కీ తాళంచెవి ఎప్పుడో పోయింది. స్క్రూడ్రైవరుతో కాసేపు కుస్తీ పట్టి మూత లేపాడు. లోపల రెండు గోనెమూటలు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. ఒకదాని చెవి పట్టుకుని లాగితే గోనె చేతిలోనే పొడిపొడిగా ఊడివచ్చింది, గులకరాళ్ళు డిక్కీ అంతా దొర్లాయి. రాళ్ళ మధ్య, ఎలుకలు ఏనాడో తిని వదిలేసిన శనక్కాయల పొట్టు. "రాళ్ళక్కా! కార్లో రాళ్ళు పెట్టుకోని తిరిగినోడెవడప్పా!" అని చౌడప్ప పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మూటల మూతులు కుట్టింది నేనే.

పక్కనే నిలబడ్డ మా తమ్ముడు మాత్రం కంగారుపడ్డాడు. "అవి తీయల్నా? అవి బండికి ఉండాల్సినవే గదక్కా. బరువు లేకుంటే ఎగురుతాదని నాయన పెట్టింటాడు," అన్నాడు. వాడు నాకంటే పదేళ్ళు చిన్న. ఆ రాళ్ళు ఎక్కించిన ఏడు అమ్మ ఒళ్ళో ఉన్నాడు. నాయన పోయాక కారు వాడి చేతికి వచ్చింది. ఏడాదికి నాలుగైదుసార్లు స్టార్టు చేసి, ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పి, మళ్ళీ రేకుల కొట్టంలో పెట్టేవాడు. ఇన్నేళ్ళూ ఆ రాళ్ళను కూడా తిప్పాడన్నమాట. ఈ ఏడు ఇక చాలనుకుని పాత ఇనుము కొనేవాడికి మాట ఇచ్చేశాడు. పది రోజుల్లో లారీ వస్తుందనగా నేను అడ్డం పడ్డాను. మాబన్నకు ఇచ్చిన మాట ఒకటి ఉంది, అది తీరేదాకా ఆగమన్నాను.

మాబన్న మా నాయన దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. కొత్తచెరువులో కూతురింట్లో మంచంమీద ఉంటాడు. వెన్నుపూసలు అరిగిపోయాయని, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. చాలా ఏళ్ళ తర్వాత ఈమధ్య చూడ్డానికి వెళితే నా ముఖంలోకి కాసేపు చూసి, "పాప గదా నువ్వు," అన్నాడు. అరవై దాటినదాన్ని పాపా అని పిలిచేవాడు ఈ లోకంలో ఆయనొక్కడే మిగిలాడు. కాఫీ తాగాక, "కారుండాదా?" అని అడిగాడు. ఉండాదన్నాను. "ఒకతూరి దాంట్లో కూచోబెట్టి దర్గా దాకా తీసకపో పాపా. ఇంగ నేనేమీ అడగను," అన్నాడు. సరేనన్నాను. అప్పుడు ఆయన, వెటకారం ఏమీ లేకుండా, మామూలుగానే, "షాకబ్జర్లు మార్పించినారా?" అన్నాడు. ఆ మాట నాయనతో చెప్పమని ఆయన నన్ను బతిమాలినప్పుడు నాకు పదకొండేళ్ళు. నేను చెప్పలేదు. చెప్పానని మాత్రం అబద్ధమాడాను.

ఆ కారు మా ఇంటికి ఒక మంచి పంట చలవతో వచ్చింది. బూడిదరంగు అంబాసిడర్, అప్పటికే ఎవరో వాడి వదిలేసినది. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో అప్పుడు ఇంకో కారు ఉన్నట్టు నాకు గుర్తులేదు. పొద్దున్నే నాయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు. తాగే నీళ్ళకే బావి దగ్గర తగువులాడుకునే ఊళ్ళో కారు కడగడం పాపమని అమ్మ ఒప్పుకునేది కాదు. అందుకని మాబన్న ఒకే ఒక్క చెంబు నీళ్ళు తీసుకుని, గుడ్డ తడిపి పిండి, తడిపి పిండి, ఆ చెంబెడు నీళ్ళతోనే కారు మొత్తం అద్దంలా తుడిచేవాడు. మిగిలిన బురదనీళ్ళు అమ్మ కరివేపాకు చెట్టుకు పోసేది. పెరట్లో అమ్మ ఇసుకలో శనక్కాయలు వేయించే వాసన, కారు పెట్రోలు వాసన, గానుగనూనె పూసిన సీటు తోలు వాసన, ఇవన్నీ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ పెట్రోలు బంకులో నిలబడితే నాకు ఆకలేస్తుంది. మాబన్నకు పొద్దుటి సంగటి, ఊరుబిండి పచ్చడి మా ఇంట్లోనే. ఆయన పళ్ళెం మాత్రం వేరుగా కొట్టంలో గూట్లో ఉండేది, తిని ఆయనే కడుక్కుని పెట్టుకునేవాడు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పంట పండిన ఏట నాయన ఎక్కడికి పోయినా డిక్కీలో రెండు మూటల శనక్కాయలు ఉండాల్సిందే. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే స్నేహితుడికి ఒకటి, అనంతపురంలో వకీలుకో ఆఫీసరుకో ఇంకొకటి. ఆ బరువుకు కారు వెనకభాగం దిగి, ముక్కు కాస్త లేచి ఉండేది. దాన్ని మా ఊళ్ళో తోక దిగడం అనేవాళ్ళు. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళు కారు పోతుంటే ముందుకు కాదు, వెనక్కే చూసేవాళ్ళు. "పెద్దాయన బండి తోక దిగిందప్పా, ఈ ఏడు బతికిపోయినాం," అని ఎవరో అనేవారు. నాయన దగ్గర కాయలున్నాయంటే విత్తనానికి ఢోకా లేదని అర్థం. విత్తనం ఉంటే ఊళ్ళో ఉండిపోవచ్చు. లేకపోతే బెంగుళూరు పోయి ఇటుకలు మోసుకోవాలి. అంత సంగతి ఆ తోక మీద ఆధారపడి ఉండేది.

తర్వాత వరసగా వానలు మొహం చాటేశాయి. విత్తినవి మొలిచాయి, పూత పూశాయి, ఊడలు నేలలోకి దిగే వేళకు నేల రాయైపోయింది. పీకి చూస్తే చెట్టుకు రెండు బుడ్డలు, వాటిలో పప్పు లేదు. ఆ ఏడు మా కొట్టు అడుగున మిగిలినవి ఒక చేటెడు కాయలు. దసరా దాటాక నాయన ఒకరోజు మాబన్నను పిలిచి, నా ఎదుటే చెప్పాడు. "మాబూ, మన బండి తోక లేసినట్ల కనపడిందంటే ఊరంతా మూటలు కట్టుకుంటారు. ఒక వాన పడేదాకా నిలబెట్టుకోవల్ల." అందులో సగం ఊరికోసం, సగం మీసంకోసం. నాయన మంచివాడే కానీ మీసం ఆయన కంటే ముందు నడిచేది. వంకలో ఏరిన రాళ్ళు రెండు గోనెసంచుల్లో నింపి, పైన నాలుగు దోసిళ్ళ కాయలు పోశారు, మూతి దగ్గర ఎవరైనా వేలు పెట్టినా కాయలే తగిలేట్టు. అమ్మ సంచి మూతి పట్టుకుంది. కండ్లు సరిగా కనపడవని దబ్బనం నా చేతికిచ్చింది. పెద్దవాళ్ళ రహస్యంలో నాకు చోటిచ్చారని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పురికొస కసిగా లాగి లాగి కుట్టాను.

శనక్కాయల మూట మెత్తగా సర్దుకుంటుంది. రాళ్ళ మూట సర్దుకోదు. మా ఊరి నుంచి ముదిగుబ్బకు అప్పుడు గుంతల బాట. ప్రతి గుంతలో డిక్కీ ఒకసారి లేచి దబ్బున పడేది. చూస్తుండగానే వెనక షాకబ్జర్లు నూనె కక్కడం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం మాబన్న నన్ను పిలిచి, మడ్‌గార్డు మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలాడు. కారు ఊగుతూనే ఉంది. "చూడు పాపా. బాగుండే బండైతే ఒకతూరి దిగి, ఒకతూరి లేసి, నిలబడల్ల. ఇది ఉయ్యాల మాదిరి ఊగుతాండాది. షాకబ్జరు లోపల నూనె ఉంటాది. గుంత దెబ్బ అది తింటాది, మనకు తగలనీదు. దీంట్లో నూనంతా పోయింది. ఇప్పుడా దెబ్బ నేను తింటాండా," అన్నాడు. అప్పటికే ఆయన అమ్మ పాతచీర ముక్క ఒకటి నడుముకు బిగించి కట్టుకుని బండి నడుపుతున్నాడు. ముదిగుబ్బలో మా బడి దగ్గర నన్ను దించేటప్పుడు ఆయన దిగి, తలుపు పట్టుకుని, నడుము నిలవడానికి కాసేపు అలాగే నిలబడేవాడు. నేను పుస్తకాలసంచి భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా పోయేదాన్ని.

"నువ్వు చెప్పు పాపా," అన్నాడు ఆరోజే. "నేను చెప్తే మీ నాయన ఇనడు. ఇనుము లెక్కుండావు, నీకేమయితాది అంటాడు. నీ మాటైతే ఇంటాడు. షాకబ్జర్లు మార్పించమను. అది కాదంటే ఆ రాళ్ళన్నా తీపించమను. నా నడుము పోతాండాది." నా మాట నాయన వింటాడన్నది నిజమే. నేను ముఖం తిప్పుకున్నానని నశ్యం మానేసిన మనిషి. నేను ఏడ్చానని అమ్ముదామనుకున్న దూడను ఉంచేశాడు. చెబితే విని ఉండేవాడు, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ బడిలో నేను అప్పటికే మాకు కాయలు పండాయని చెప్పుకున్నాను. నా పక్కన కూర్చునే పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో ఆ చలికాలం రెండుపూటలా పొయ్యి వెలగలేదు. నేను మాత్రం తోక దిగిన కారులో దిగేదాన్ని. రాళ్ళు తీసేస్తే ఆ కారు మర్నాడు అందరి ముందు ముక్కు దించుకుని వస్తుంది. అది నేను ఓర్చుకోలేకపోయాను. రెండు రోజులాగి మాబన్న అడిగాడు. "చెప్పినావా పాపా?" "చెప్పినా." "ఏమన్న్యాడు?" "చూద్దాంలే అన్న్యాడు." అబద్ధం అంత సులువుగా అతికింది. ఎందుకంటే నాయన కాదనాల్సిన చోటల్లా అదే మాట అనేవాడు. మాబన్న తలాడించి, గుడ్డ తీసుకుని అద్దం తుడవడానికి పోయాడు.

ఆ ఎండాకాలం చివర ఒక పొద్దున కారు తాళంచెవులు గూట్లో ఆయన పళ్ళెం మీద ఉన్నాయి. మాబన్న లేడు. నాయన ఆరోజు సంగటి ముట్టలేదు. "నాతో ఒక్కమాట చెప్పింటే ఏం పోయ?" అని అమ్మతో అన్నాడు. నేను గడప అవతల నిలబడి విన్నాను. ఇంకో డ్రైవరును పెట్టుకోలేదు. బస్సులో తిరగడం మొదలుపెట్టాడు. వాన ఆ ఏడూ పడలేదు, ఊళ్ళో సగం మంది ఎలాగూ బెంగుళూరు పోయారు. చాలా ఏళ్ళకు నాయన మంచాన పడ్డాక వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, "మాబు వచ్చినాడా?" అని అడిగేవాడు. కొత్తచెరువుకు రెండుసార్లు మనిషిని పంపాం. రాలేదు. పోయాక పిడికెడు మట్టి వేయడానికి కూడా రాలేదు. తిన్న ఇంటి మీద ఇంత పగా అని మావాళ్ళంతా తిట్టిపోశారు. నేను వింటూ కూర్చున్నాను. పదకొండేళ్ళ పిల్ల ఆడిన అబద్ధాన్ని ఎవరైనా మన్నిస్తారేమో. ఆరోజు నేను ఇద్దరు పిల్లల తల్లిని, బడిపిల్లలకు నీతిపాఠాలు చెప్పే పంతులమ్మను. ఆ నోరు మూసుకోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

చౌడప్ప రాళ్ళన్నీ కొట్టం బయట కుప్పపోశాక కారు దానంతటదే జానెడు పైకి లేచింది. బోల్టులు తుప్పుపట్టి ఒకటైపోయాయి. ఒక రోజంతా కిరోసిన్ పట్టించినా కదలకపోతే రంపపు బ్లేడుతో కోయాల్సి వచ్చింది. పాత షాకబ్జర్లు చేతిలోకి వచ్చినప్పుడు వాటిలో ఒక్క చుక్క నూనె లేదు. రబ్బరు బుష్షులు వేలితో నలిపితే రాలిపోయాయి. కొత్తవి, అంటే ఎవరి అంగట్లోనో ఇన్నేళ్ళు డబ్బాలో మూలుగుతున్నవి, వెతికి తెప్పించడానికి చౌడప్ప మూడు వారాలు తిరిగాడు. బిగించే ముందు ఒక్కోదాన్ని నిట్టనిలువుగా పట్టుకుని, మెల్లగా సాగదీసి, మెల్లగా నొక్కి, అలా ఏడెనిమిదిసార్లు చేశాడు. "లోపల గాలి చిక్కుకోనింటే పోవల్లక్కా. లేకుంటే కొత్తదైనా పన్జేయదు," అన్నాడు. నాలుగూ బిగించి, నట్లు ఇంకోసారి చూసుకుని, జాకీ దించాడు. మడ్‌గార్డు నన్నే నొక్కమన్నాడు. నొక్కాను. ఒకసారి దిగింది, ఒకసారి లేచింది, నిలబడింది. ఇంత చిన్న పని. రెండు పూటల పని. దీనికోసం ఒక మనిషి నడుము పోయింది.

మర్నాడు పొద్దున తమ్ముడు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. ఇప్పుడు ఆ దారి అంతా తారురోడ్డు. గుంతలే లేవు. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, కింద ఎర్రనేలలు ఈసారి కూడా విత్తనం పడక అలాగే పడి ఉన్నాయి. కారు తోక లేచి ఉందో దిగి ఉందో చూసేవాడు దారి పొడుగునా ఒక్కడూ కనపడలేదు. కారు మెత్తగా పోతుంటే నాకు సుఖంగా లేదు. ఈ మెత్తదనం నాది కాదనిపించింది. కానీ ఆశ మాత్రం ఉండింది. ఆయనను ముందుసీట్లో దిండ్లు వేసి కూర్చోబెడతాం, దర్గా దాకా పోతాం, దారిలో ఏదో ఒకచోట ఆ మాట చెప్పేస్తాను అనుకున్నాను.

కొత్తచెరువులో మాబన్నను ఆయన అల్లుడు, మా తమ్ముడు కలిసి ఎత్తి తెచ్చారు. గడ్డం దువ్వుకుని, తెల్లచొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. ముందుసీట్లో కూర్చోబెట్టగానే ఆయన చేయి తనంతట తానే గేరు కోసం పోయింది. "బాగుండాది," అన్నాడు. తమ్ముడు మెల్లగా కదిలించాడు. వీధి చివర మురికికాలువ మీద చిన్న ఎత్తు ఒకటి ఉంది. కారు దాన్ని దాటినట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. ఆయన నోట్లోంచి మాత్రం ఒక అరుపు వచ్చింది, అంత అరుపు ఆ ఒంట్లో ఉందనుకోలేదు. తమ్ముడు బ్రేకు వేశాడు. "తిప్పు నాయనా," అన్నాడు మాబన్న కండ్లు మూసుకుని. "షాకబ్జర్లు మంచియ్యే. నాకే ల్యావు." వెనక్కి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టేసరికి తెల్లచొక్కా చెమటతో తడిసిపోయింది. దర్గా అక్కడికి రెండు వీధుల దూరం.

కూతురు మాత్ర వేసి వెళ్ళాక నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నొప్పి కాస్త తగ్గాక ఆయనే అడిగాడు. "డిక్కీలో ఏముండాది పాపా?" ఏమీ లేదన్నాను. రాళ్ళు ఈమధ్యే తీసేశామన్నాను. ఆయన నవ్వాడు. "మీ నాయన రాళ్ళు! ఊరందరికీ తెలుసు గదా అవి రాళ్ళని. గుంతలో పడితే శెనక్కాయలు అట్ల మొత్తుకుంటాయా? పెద్దాయన మొగం చిన్నబోతాదని ఎవురూ అనేటోళ్ళు కాదు." నా చిన్నతనమంతా ఎవరి ముందు దాచానో వాళ్ళందరికీ తెలుసు. నా పక్కన కూర్చున్న పిల్లలకూ తెలిసే ఉంటుంది. ఇక ఆపుకోలేకపోయాను. "మాబన్నా, ఆరోజు నేను నాయనతో చెప్పలేదు. షాకబ్జర్ల మాట నాయనకు తెలీనే తెలీదు. చూద్దాంలే అన్నాడని నేను అబద్ధం చెప్పినా," అన్నాను.

ఆయన పైకప్పు రేకుల వైపు చూశాడు. ఆ ముఖంలో కోపం కోసం వెతికాను. కోపమైతే నాకు తేలికగా ఉండేది. "ఆఖర్న మీ నాయన నన్ను అడిగినాడా?" అన్నాడు. "అడిగినాడు. రోజూ అడిగినాడు." అప్పుడు మాబన్న అన్నాడు, "నా నడుము సంగతి తెలిసీ ఒక్కమాట నన్ను అడగలేదు గదా అని, ఇంగ వాని మొగం చూడకూడదనుకున్న్యా. మట్టికి గూడా పోల్యా." మళ్ళీ, "ఇప్పుడెందుకు చెప్పినావు? అట్లనే పోనిచ్చింటే బాగుండు," అన్నాడు. నేను ఆయన చేయి పట్టుకోబోయాను. ఆయన చేయి దుప్పటి లోపలికి లాక్కుని, నడుము కదలకుండా తల ఒక్కటే గోడవైపు తిప్పుకున్నాడు. "పోండమ్మా," అన్నాడు. "బండి ఎండలో ఉండాది." ఆయన నన్ను అమ్మా అనడం, పోండి అనడం నా ఎరుకలో అదే మొదటిసారి.

బయట తమ్ముడు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. నేను ఎక్కి తలుపు వేసుకున్నాక కారు స్టార్టు చేశాడు. "ఏమక్కా, నొప్పి తగ్గినాక ఇంకోతూరి తీసకపోతామని చెప్పినావా?" అని అడిగాడు. చెప్పినానన్నాను. "ఏమన్న్యాడు?"

"చూద్దాంలే అన్న్యాడు," అన్నాను.